ఊరి పత్రిక అచ్చయిన ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత పత్రికా కార్యాలయాల గురించి వచ్చిన ఉత్తరాలు చాలా పోగుపడ్డాయి. కొనుక్కున్నవాళ్ళు, బాగుచేయిస్తున్నవాళ్ళు, ఉత్త కుతూహలంతో అడిగినవాళ్ళు అందరూ ఉన్నారు. ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళదే.

ప్రశ్న: మా ఊరి బజారులో రెండంతస్తుల పాత భవనం ఒకటుంది. ఒకప్పుడు అందులో వారపత్రిక అచ్చయ్యేదని చెబుతారు. చూడ్డానికి మామూలు దుకాణంలాగే ఉంది. దాన్ని పత్రిక కోసమే కట్టారా, లేక ఉన్న దుకాణంలోనే ప్రెస్సు పెట్టారా? ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందు గోడ చూసి ఏమీ తేల్చకండి. చిన్న ఊళ్ళ పత్రికలు చాలావరకు బజారు వరసలోనే, దుకాణం కొలతల్లోనే వెలిశాయి. ముందు సన్నం, వెనక్కి పొడవు. వీధి వైపు గదిలో చందాలు, ప్రకటనలు తీసుకునే బల్ల, దాని వెనక సంపాదకుడు, ఆ వెనక కంపోజింగు (అక్షరాలు కూర్చే చోటు), చిట్టచివర సందు వైపు అచ్చు మెషిన్ ఉండేవి. డబ్బు ముందు తలుపులోంచి, కాగితం వెనక తలుపులోంచి లోపలికొచ్చేవి. అందుకే ఇలాంటి భవనాన్ని వెనక నుంచి చూడ్డం మొదలుపెట్టాలి.

సందు వైపు తలుపు మామూలు కంటే వెడల్పుగా ఉందా? గడప నేలకు కాకుండా బండి తొట్టి ఎత్తుకు ఉందా? తలుపు పక్క గోడలో వేరే రంగు ఇటుకలతో పూడ్చిన పెద్ద చతురస్రం కనిపిస్తోందా? మెషిన్ను లోపలికి తేవడానికో, బయటికి తీయడానికో గోడ పగలగొట్టి మళ్ళీ కట్టారన్నమాట. తరవాత తలెత్తి పైకప్పు దూలాలు చూడండి. ఎనిమిది పది అడుగులకొకటి చొప్పున ఒకే వరసలో బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ నూనె ఇంకిన నల్లటి మరకలు ఉంటే అక్కడ లైన్ షాఫ్టు తిరిగేది. ఒక్క ఇంజన్ గాని మోటారు గాని ఆ షాఫ్టును తిప్పితే, తోలు బెల్టులు దాని మీంచి దిగి మెషిన్నీ, ట్రెడిళ్ళనీ (చిన్న అచ్చు యంత్రాలు), కటింగు మెషిన్నీ ఆడించేవి. అయితే వడ్రంగి కార్ఖానాల్లోనూ లైన్ షాఫ్టులు ఉండేవి. ఇదొక్కటే చాలదు.

చాలిన సాక్ష్యం నేలలో దొరుకుతుంది. చెక్క పలకల సందుల్లో సన్నటి కడ్డీతో మెల్లగా గెలికితే అరిగిన అక్షరమో, స్పేసు ముక్కో, లైనోటైపు (పంక్తినంతా ఒకే సీసపు కడ్డీగా పోత పోసే యంత్రం, పొట్టిగా లైనో) కడ్డీ తునకో తప్పకుండా బయటపడుతుంది (చేతికి తొడుగు వేసుకోండి, కారణం కింద ఇంకో జవాబులో ఉంది). అక్షరం దొరికితే నిలబెట్టి ఎత్తు కొలవండి. 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు ఉంటే అది ఇంగ్లండు, అమెరికా ప్రమాణంలో పోత పోసిన అక్షరం. ఐరోపా ఖండంలో చాలాచోట్ల వాడిన ఎత్తు కాస్త ఎక్కువ, 23.56.

ఇక ప్రెస్సు కోసమే కట్టిందా, దుకాణాన్ని మార్చిందా అన్న సంగతి. మెషిన్ కింద దిమ్మె పునాదితోపాటే లేచి, స్కైలైటు (కప్పులోని అద్దాల కిటికీ) సరిగ్గా రెండు దూలాల మధ్య ఇమిడి ఉంటే మొదటి నుంచీ ప్రెస్సు కోసమే గీసిన ప్లాను. దూలాన్ని మధ్యలో కోసి స్కైలైటు దూర్చినా, నేల కింద వరస తప్పిన గుంజలు ఆనించి ఉన్నా అది దుకాణంగా పుట్టి తరవాత ప్రెస్సయిందే. ఎక్కువ భవనాలు రెండో రకమే. దానివల్ల వాటి విలువేమీ తగ్గదు.

ప్రశ్న: పై అంతస్తులో కంపోజింగు ఉండేదట. అచ్చు అక్షరాల సీసం అంత మోసిన నేల కదా, ఊరి గ్రంథాలయాన్ని అక్కడికి మార్చుకోవచ్చా?

జవాబు: ఈ వాదన చాలామంది చేస్తారు. సగమే నిజం.

ముందు బరువు సంగతి చూద్దాం. పెద్ద సైజు పత్రిక పేజీ ఒకటి ఫారంగా, అంటే ఇనుప చట్రంలో కదలకుండా బిగించాక 40 సెంటీమీటర్ల వెడల్పు, 55 పొడవు, 2.33 ఎత్తు అనుకోండి. దాదాపు 5,100 ఘన సెంటీమీటర్లు. అచ్చు లోహం ఘన సెంటీమీటరుకు పది గ్రాముల పైమాటే కాబట్టి, ఖాళీలేమీ లేకుండా నింపితే ఒక్క పేజీ 50 కిలోలు దాటుతుంది. నిండిన అక్షరాల కేసు ఒకటి 10, 15 కిలోలు, బీరువాకి ఇరవై కేసులు. తెలుగు లాంటి లిపికైతే గుణింతాలకీ ఒత్తులకీ గళ్ళు పెరిగి కేసులూ పెరుగుతాయి. లైనోటైపు మెషిన్ ఒక్కటే ఒకటిన్నర టన్ను, ఆ బరువంతా నాలుగు పాదాల మీద. అందుకే బ్రిటిష్ కట్టడ ప్రమాణాల్లో ఆఫీసు గదికి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు లెక్కేస్తే, అక్షరాలు నిల్వ చేసే గదికి 1,250 పెట్టారు. పుస్తకాల బీరువాలు దట్టంగా పేర్చిన గదికి అమెరికా లెక్క చదరపు అడుగుకు 150 పౌన్లు, అంటే చదరపు మీటరుకు 730 కిలోల చొప్పున. కాగితం మీద చూస్తే గ్రంథాలయం హాయిగా ఇముడుతుంది.

చిక్కేమిటంటే, ఆ సీసం గదంతా సమానంగా పరుచుకుని ఉండేది కాదు. బీరువాలు గోడల వెంట, ఇంపోజింగు రాయి (పేజీని ఫారంగా బిగించే బల్ల) సరిగ్గా దూలం మీద, లైనోలు కింది స్తంభాలకు నెత్తిన. మధ్యలో ఉన్నది మనుషులు నడిచే దారి మాత్రమే. మీరు బీరువాలు అడ్డంగా వరసలు పేరిస్తే, ఎన్నడూ బరువు ఎరగని చోట బరువు పడుతుంది. పైగా చిన్న ఊళ్ళో కట్టడ ప్రమాణాలు చూసి కట్టినవాళ్ళు తక్కువ. మేస్త్రీ అంచనాయే ప్రమాణం.

మీరే చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. దూలం రెండు చివర్ల మధ్య దారం బిగించి మధ్యలో కుంగు కొలవండి. 6 మీటర్ల దూలానికి 17 మిల్లీమీటర్లు దాటితే రాసిపెట్టుకోండి, 25 దాటితే ఇంజనీరు చూడకుండా అడుగు ముందుకు వేయొద్దు. తరవాత దూలం గోడలో దిగే చోట సూదిమొన కడ్డీతో పొడిచి చూడండి. సులువుగా దిగితే పుచ్చింది. తేమ కొలిచే మీటరు 20 శాతం పైన చూపిస్తే ఇప్పుడు పుచ్చకపోయినా రేపు పుచ్చుతుంది. కప్పు నీరు కారేది ఎక్కువగా గోడ వెంటే కాబట్టి దూలం నడుము చూడ్డానికి బాగున్నా కొస కుళ్ళిపోయి ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం: కింది అంతస్తులో స్తంభాలన్నీ ఉన్నాయా లెక్కపెట్టండి. ప్రెస్సు పోయి దుకాణం వచ్చినప్పుడు అద్దాల గదికి అడ్డమని ఒక స్తంభం తీసేయడం మామూలే. పైన రెండు స్తంభాల మధ్య దూరం 4 మీటర్లు, కింద 8 ఉంటే ఆ పని జరిగిందని అర్థం. అప్పటికి పైన బరువు లేదు కాబట్టి ఇల్లు నిలబడింది. గ్రంథాలయం వచ్చాక నిలబడుతుందన్న పూచీ ఏదీ?

ప్రశ్న: అంత బరువైతే కంపోజింగు కింద పెట్టుకోక మేడ ఎందుకెక్కించారు?

జవాబు: వెలుతురు కోసం. ఇరుపక్కలా వేరేవాళ్ళ గోడలు, కిటికీలు ముందూ వెనకే. పొడవాటి ఇంట్లో నడుమ గది పగలే చీకటి. మేడ మీదైతే కప్పుకు కన్నం పెట్టుకోవచ్చు.

చిన్న ప్రెస్సుల్లో రెండూ ఒకే అంతస్తులో ఉండేవి, అదే మేలు కూడా. ఇంపోజింగు రాయి, చక్రాల బల్ల, మెషిన్ బెడ్డు (ఫారం ఉంచే పళ్ళెం) మూడూ ఒకే ఎత్తులో ఉంచితే 50 కిలోల ఫారాన్ని ఎత్తే పనే లేకుండా జార్చుకుంటూ పోవచ్చు. మేడ మీద కంపోజు చేసినచోట ఫారాన్ని దించడానికి చేతి తాడుతోనో కప్పీతోనో నడిచే చిన్న లిఫ్టు ఉండేది. నేలలో చతురస్రంగా అతుకు వేసిన పలకలు కనిపిస్తే అది దాని గొయ్యి. ఆ చోట అడ్డదూలం కోసి ఉంటారు, పైన అడుగు వేసేముందు కింద నుంచి చూసుకోండి.

ప్రశ్న: మా భవనం వెనక భాగంలో కప్పు మీద పెద్ద చట్రం ఉంది, రేకులు కొట్టి తారు పూశారు. స్కైలైటే అంటున్నారు. తెరిపించాలని ఉంది గానీ తెరిస్తే కారుతుందని పనివాళ్ళు భయపెడుతున్నారు.

జవాబు: తెరిపించండి. ఆ గదికి అందమూ అర్థమూ ఆ అద్దంతోనే.

కంపోజిటరు చూసేది తిరగబడ్డ అక్షరాన్ని, అదీ మెరిసే లోహం మీద. నేరుగా ఎండ పడితే తళుకులో ప ఏదో వ ఏదో పోల్చుకోలేడు. అందుకే ఉత్తరార్ధగోళంలో స్కైలైటు వాలు ఉత్తరానికి తిప్పేవారు. రోజంతా ఒకేలా, నీడ పడని వెలుతురు. మీది దక్షిణానికో పడమటికో ఉందంటే స్థలం కుదరక అలా పెట్టుంటారు. లోపలి అద్దానికి సున్నం పూసిన మరకలుంటే ఎండను ఆపడానికి పూసినదే.

మూసేసింది కారడం వల్లే అని అనుకోనక్కర్లేదు. ఆఫ్‌సెట్ (సీసం అక్షరాలు లేకుండా పేజీ ఫొటోతో అచ్చు వేసే పద్ధతి) వచ్చాక అదే గదిలో నెగెటివులు కడిగే చీకటిగది కావలసివచ్చింది. యాభై ఏళ్ళు వెలుతురు కోసం తపించిన గదికి ఒక్కరోజులో వెలుతురే శత్రువైంది.

కారడం గురించి. పాత స్కైలైట్లు అద్దం మధ్యలో కారడం అరుదు. కారేది చట్రం కప్పును కలిసే మూలలో. అక్కడి సీసపు రేకో జింకు రేకో చిరిగినప్పుడు మీద తారు పూస్తారు. తారు ఆ చిరుగుతోపాటు లోపలి చెమ్మ బయటికి పోయే చిన్న రంధ్రాల్నీ మూసేస్తుంది. ఆపైన ఎంత తారు పూస్తే అంత కారుతుంది. ముందు ఇది తేల్చుకోండి: వాన లేని చలి ఉదయాల్లో కూడా చుక్కలు పడుతున్నాయా? అయితే అది కారడం కాదు, గది ఆవిరి అద్దానికి తగిలి నీరవడం. గాలి ఆడే దారి పెడితే పోతుంది. వాన పడితేనే అయితే గొట్టంతో నీళ్ళు కొట్టి చూడాలి. కింది అంచుతో మొదలుపెట్టండి, ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి. పై నుంచి కొడితే నీరంతా కిందికి జారి ఎక్కడ కారిందో తెలియదు.

బాగుచేసేటప్పుడు చట్రం కప్పు మీదికి కనీసం 150 మిల్లీమీటర్లు లేచి ఉండేలా, అద్దం వాలు 15 డిగ్రీలకు తగ్గకుండా చూడండి. కొత్త అద్దం వేస్తే లోపలి పొర లామినేటెడ్‌దై ఉండాలి, పగిలినా నెత్తిన పడదు. లోపల తీగ వల ఉన్న పాత అద్దాలు పగలకపోతే అవే ఉంచండి.

ప్రశ్న: ఇల్లు కొన్నాం. మెషిన్ గది నేల పాతకాలపు చెక్క. గీకి పాలిష్ పెట్టి పిల్లలకు బొమ్మల బడి నడపాలని ఉంది. సీసం ప్రమాదమని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: నిజం. గీకడం మాత్రం ఆపేయండి. ఇప్పుడు పలకల సందుల్లో అణిగి ఉన్నదాన్ని మీరే గాల్లోకి లేపినట్టవుతుంది.

లైనో కడ్డీల్లో 84 నుంచి 86 శాతం సీసమే, మిగతాది 11, 12 శాతం ఆంటిమొనీ, 3, 4 శాతం తగరం. లైనోలో లోహం కరిగే కుండలో వేడి 285 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేది. ఆ వేడికి సీసం ఆవిరై పోయేది చాలా తక్కువ. అసలు ప్రమాదం తెట్టుతో. అచ్చయిపోయిన కడ్డీలను మళ్ళీ కరిగించినప్పుడు పైన బూడిదరంగు పొడి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పోస్తారు. అది సీసపు ఆక్సైడు, పిండిలా ఉంటుంది, కాలికి అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది. కాబట్టి కరిగించే పొయ్యి ఎక్కడుండేదో ముందు వెతకండి. వెనక కొట్టంలోనో నేలమాళిగలోనో ఇటుక పొగగొట్టం మొదట్లో ఉంటుంది. దాని చుట్టూ, దూలాల పై అంచుల మీద, నేల సందుల్లో, వెనక తలుపు బయటి మట్టిలో సీసం ఎక్కువగా పేరుకుంటుంది.

పని వరస ఇది. తడిగుడ్డ నమూనాలు తీయించి ల్యాబుకు పంపండి: నేల, కిటికీ గట్టు, దూలం పై అంచు, విడివిడిగా. మట్టి నమూనా వేరు. ఫలితం వచ్చేదాకా చీపురు పట్టొద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ అసలు పెట్టొద్దు, అది సన్నటి ధూళిని వెనక నుంచి ఊదేస్తుంది. హెపా ఫిల్టరున్న (అతి సన్నటి ధూళినీ పట్టేసే) వాక్యూమ్‌తో పై నుంచి కిందికి పీల్చాలి. తరవాత సబ్బు నీళ్ళ బకెట్టు ఒకటి, మంచినీళ్ళ బకెట్టు ఒకటి పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. ఆరాక మళ్ళీ వాక్యూమ్. ఒక్కసారితో సరిపోదు. మళ్ళీ నమూనా తీస్తేగాని శుభ్రమైందో లేదో తెలియదు.

పిల్లలు కూర్చునే గదైతే పాత పలకల మీద గట్టి పొర పరిచి దాని మీద కొత్త నేల వేయడమే సరైన పని. పాత నేల కింద భద్రంగా ఉంటుంది, అందం కోసం ఒక మూల అద్దం కింద చూపించుకోండి. ఇప్పటికే పిల్లలు అక్కడ ఆడి ఉంటే డాక్టరును అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఇంకోటి: లైనో కుండల చుట్టూ, పాత ఆవిరి గొట్టాల మీద తెల్లటి పీచులాంటి చుట్ట కనిపిస్తే ముట్టుకోవద్దు. అది ఆస్బెస్టాస్ అయ్యుండవచ్చు. తీయడానికి వేరే పనివాళ్ళు, వేరే నియమాలు.

ప్రశ్న: నేల మధ్యలో నాలుగడుగుల లోతు గుంట ఉంది, అడుగున నల్లటి నీళ్ళు. ఇటుక ముక్కలు పోసి పూడ్చేద్దామా?

జవాబు: తొందరపడకండి. అది మెషిన్ గుంట. రీలు కాగితంతో నడిచే మెషిన్ కిందికి మనిషి దిగి నూనె వేయడానికి, చిరిగిన కాగితం లాగడానికి తవ్వింది.

ముందు నీళ్ళు ఎక్కడివో చూడండి. గోడ మీద సుద్దతో నీటిమట్టం గీసి, రోజూ తేదీ వేయండి. వాన పడ్డ కొన్ని గంటల్లోనే పెరిగితే కప్పు గొట్టమో కాలవో పగిలింది. వాన వెలిశాక రోజుల తరబడి మెల్లగా పెరిగితే భూగర్భజలం. ఎండలోనూ మారకపోతే మురుగు గొట్టం అనుమానించండి. కారణం తెలియకుండా ఇటుక ముక్కలూ మట్టీ పోస్తే గుంట స్పాంజిలా మారి ఆ తడిని పక్కింటి గోడకు పట్టిస్తుంది. రెండేళ్ళలో ఆ గోడకు ఉప్పు తేలి పెచ్చులూడుతుంది.

దిగేముందు జాగ్రత్త. ఫారాలు కడగడానికి కిరోసిన్, పెట్రోలు, బెంజీన్ వాడేవారు. వాటి ఆవిరి గాలి కంటే బరువు, గుంటలోనే ఉంటుంది. ఒక పూట ఫ్యాను పెట్టి గాలి ఆడించి, పైన ఒక మనిషిని నిలబెట్టి, బీడీ దీపం లాంటివి దూరం పెట్టి అప్పుడు దిగండి. అడుగున బురద సిరా, నూనె, సీసం కలిసినది. ఊరి కాలవలోకి తోడొద్దు, డ్రమ్ములో పట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు అప్పగించాలి.

గుంట పక్కన నేలలో వేరే రంగు దిమ్మె, దాని చుట్టూ వేలెడు సందు ఉంటే అది మెషిన్ పునాది. ఫ్లాట్‌బెడ్ మెషిన్లో వందల కిలోల బెడ్డు ముందుకు పోయి ఆగి వెనక్కి రావాలి. అలా దిశ మారిన ప్రతిసారీ నేలకు ఒక గుద్దు. ఇలా ముందుకూ వెనక్కూ కొట్టుకునే యంత్రానికి దాని బరువుకు మూడు నుంచి అయిదు రెట్లు బరువైన దిమ్మె కావాలని ఇంజనీర్ల పాత లెక్క. ఆ దిమ్మెను ఇంటి గోడలకు తగలకుండా విడిగా ఉంచడానికే ఆ సందు. సందు వదలని చోట్ల పక్కగోడకు మెట్లు మెట్లుగా బీటలు కనిపిస్తాయి. మెషిన్ పోయాక బీట పెరగకపోతే కంగారు లేదు.

మూయాలనుకుంటే మధ్యే మార్గం ఉంది. కడిగి, అడుగున నీరు చేరే చిన్న గొయ్యి, పంపు ఉంచి, మీద ఇనుప చట్రంతో గట్టి అద్దమో చెక్కో వేయండి. రేపు ఎవరైనా తెరవాలనుకుంటే తెరవొచ్చు.

ప్రశ్న: పిట్టగోడ మీద 1894 అని చెక్కి ఉంది. ఊళ్ళో ఇద్దరు పెద్దలు భవనం అంత పాతది కాదంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: పెద్దలనే నమ్మే అవకాశం ఎక్కువ. పత్రికలు పిట్టగోడ మీద పత్రిక పుట్టిన సంవత్సరం చెక్కించుకునేవి, భవనం కట్టింది కాదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ తేడా వింత కాదు.

సంచికలే తేలుస్తాయి. ముద్రించినవారి పేరు, అచ్చయిన చోటు పత్రిక మీద వేయాలని చట్టాలు చెప్పేవి: బ్రిటన్‌లో 1799 నాటిది, భారతదేశంలో 1867 నాటిది. ఆ చివరి పంక్తిలో చిరునామా ఎప్పుడు మారిందో సంచికలు తిరగేసి పట్టుకోండి. మారిన వారం ముందూ వెనకా మొదటి పేజీలు చదవండి. కొత్త మెషిన్ కొన్న పత్రిక ఆ సంగతి చాటుకోకుండా ఉండదు. అగ్నిబీమా కంపెనీల కోసం గీసిన పటాలు ఇంకా మంచి సాక్ష్యం. అమెరికాలో సాన్‌బార్న్ పటాలు 1867 నుంచి, బ్రిటన్‌లో గోడ్ పటాలు 1886 నుంచి ఉన్నాయి. ఏ గదిలో ప్రెస్సు, ఇంజన్ ఆవిరిదా గ్యాసుదా, గోడ ఇటుకదా చెక్కదా అన్నీ రంగులతో గుర్తించి ఉంటాయి.

యంత్రాల తేదీలతో భవనం వయసు కట్టేటప్పుడు మాత్రం ఓపిక పట్టండి. లండన్ టైమ్స్ 1814 నవంబరు 29న ఆవిరి ప్రెస్సు మీద అచ్చయింది, లైనోటైపు 1886 జులైలో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో పనిలోకి దిగింది. చిన్న ఊళ్ళకు అవి చేరడానికి దశాబ్దాలు పట్టింది, కొన్నిటికి చేరనే లేదు. చేత్తో కూర్చిన అక్షరాలతో, పాత సిలిండర్ మెషిన్ మీద నడిచిపోయిన వారపత్రికలు బోలెడు.

ప్రశ్న: పక్కగోడ మీద వెలిసిపోయిన పత్రిక పేరు కనిపిస్తోంది. రంగు వేయించి మళ్ళీ మెరిపించాలా?

జవాబు: వద్దు. మీద పారదర్శకమైన వార్నిషూ వద్దు, లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుక పైపొరతో సహా అక్షరాలు పెచ్చులుగా రాలతాయి. ఫొటోలు తీయించి, పైన వాననీటి గొట్టం సరిచేయించి వదిలేయండి. ఆ రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకడమూ వద్దు.

ప్రశ్న: ఇనుప తలుపున్న చిన్న ఇటుక గదిలో పాత సంచికల బైండింగులు ఉన్నాయి. అక్కడే ఉంచొచ్చా?

జవాబు: ఆ గది కట్టింది అగ్గి నుంచి కాపాడ్డానికి. కాగితం, నూనె గుడ్డలు, పెట్రోలు ఒకే కప్పు కింద ఉన్న ఇంట్లో అది అవసరమే. అగ్గిని ఆపే గోడ గాలినీ ఆపుతుంది, అందుకే లోపల బూజు పడుతుంది. తేమ 60 శాతం దాటుతోందంటే బయటికి తేవాలి. నిలబెట్టకుండా పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి రెండు మూడుకు మించకుండా. సెల్లో టేపు వేయొద్దు. 1870ల తరవాతి పత్రికలు ఎక్కువగా చెక్కగుజ్జు కాగితం మీదివి, అందులోని లిగ్నిన్ వల్ల పసుపెక్కి పెళుసవుతాయి. అంతకుముందు గుడ్డపీలికల కాగితం మీద అచ్చయినవే వీటికంటే గట్టిగా ఉండడం చూసి ఆశ్చర్యపోకండి. స్కాన్ చేయించాక అసలువి పారేయకూడదు. స్కానింగులో మసకగా వచ్చిన పంక్తికి మళ్ళీ అసలు కాగితమే దిక్కు.

ప్రశ్న: పత్రిక ఇంకా వస్తూనే ఉంది, భవనం మాత్రం ఖాళీ అయిపోయింది. ఎందుకలా?

జవాబు: ఆఫ్‌సెట్ వల్ల. సీసం అచ్చులో పేజీని యాభై కిలోల ఫారంగా పక్క ఊరికి మోయలేరు. అందుకే కూర్చిన చోటే అచ్చు వేయాలి, ఊరికొక మెషిన్ ఉండాలి. ఆఫ్‌సెట్‌లో పేజీ అంటే అట్ట మీద అతికించిన కాగితం, తరవాత ఒక నెగెటివు. చంకలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. 1960ల నుంచి చిన్న పత్రికలు నాలుగైదు కలిసి ఒకే ప్రెస్సులో అచ్చు వేయించుకోవడం మొదలైంది. దాంతో వెనక సగం ఇల్లు, అంటే రీళ్ళ గది, మెషిన్, పొయ్యి, షాఫ్టు, ఒక్కసారిగా పనికిరానిదైంది. ముందు గదిలో బల్ల, కుర్చీలు మిగిలాయి. ఆ మాత్రానికి అద్దె గది చాలు.

ప్రశ్న: వెనక గదిలో లైనోటైపు మెషిన్ ఒకటి మిగిలింది. ఇనుము కింద అమ్మకుండా ముందు గదిలోకి తెచ్చి నిలబెట్టాలని మా కోరిక. చెక్క నేల. ఎలా?

జవాబు: ముందు ముందుగది నేల దాన్ని మోస్తుందో లేదో తేల్చుకోండి. మోయకపోతే ఉన్నచోటే ఉంచి గోడకు కిటికీ పెట్టడం తేలిక, చవక.

మోస్తుందంటే మొదట పైనున్న మ్యాగజైను దించాలి. వాలుగా ఉన్న పళ్ళెంలాంటి ఆ పెట్టెలో తొంభై గాళ్ళు, ఒక్కో గాడిలో ఇరవై దాకా ఇత్తడి అచ్చులు ఉంటాయి. వాలు మారితే అన్నీ జారి కలిసిపోతాయి, కాబట్టి తెరిచే కొస మూసి తాళం వేశాకే ఎత్తండి, ఇద్దరు మనుషులు పట్టాలి. పక్కకు పొడుచుకొచ్చిన చేతుల్ని తాడుతో కట్టేయండి. మెషిన్ బరువంతా పైన, పాదాలు దగ్గరదగ్గర. పక్కకు తోస్తే పొర్లుతుంది. కాబట్టి కింద ఒక్కో మూలా వేలెడు మాత్రమే జాకీతో లేపి, రెండు మందపాటి దుంగలు పాదాలకు బోల్టు చేసి, వాటి కింద ఇనుప గొట్టాలు దొర్లించాలి. గొట్టాలకీ నేలకీ మధ్య దారి పొడుగునా ఇనుప పలకలు, దూలాలకు అడ్డంగా పరచండి, లేకపోతే ఒక్కో గొట్టం కింద ఒక్క పలకే బరువు మోస్తుంది. దారిలో దూలం మధ్య భాగం వచ్చే ప్రతిచోటా కింది అంతస్తులో తాత్కాలికంగా గుంజ ఆనించాలి. కుండలో గడ్డకట్టిన లోహం అలాగే ఉండనివ్వండి. గ్యాసు పొయ్యి పెట్టి కరిగించే ప్రయత్నం చేయొద్దు. చుట్టూ ఉన్న పొర ఆస్బెస్టాసే అయ్యుండవచ్చు.